చిన్న విమానాశ్రయములు

రాజమహేంద్రవరమునకు ఉత్తరముగా సుమారు 18 కిలోమీటర్ల దూరమున మధురపూడి యను గ్రామము కలదు. ఇది కోరుకొండ మండలములోనిది. కోరుకొండపై వెలసిన లక్ష్మీనరసింహస్వామిని సేవింపవచ్చు యాత్రికులు ఈ ప్రాంతమును చిరకాలముగా ఎఱుగుదురు. ఢిల్లీ, ముంబయి, చెన్నై, బెంగళూరు వంటి మహానగరములనుండి గోదావరీతీరమును చూడవచ్చువారు సైతము నేడు ఈ పల్లెపొలముల నడుమనే విమానము దిగుచున్నారు.

ఈ విమానాశ్రయము విహారయాత్రికుల కొరకు పుట్టినది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిష్ ప్రభుత్వమువారు దీనిని నిర్మించిరి. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. తూర్పుతీరమంతయు భయముతో రాత్రులు గడపిన దినములవి. తరువాత యుద్ధము ముగిసెను. సైనికులు వెడలిపోయిరి. వారు పరచిన బాట మాత్రము వరిచేల మధ్య మిగిలిపోయెను. దేశములోని చిన్న విమానాశ్రయములలో పెక్కింటి చరిత్ర ఇట్టిదే. అవి యుద్ధమునకు పుట్టి, కొంతకాలము పసులు మేయు బయళ్లై యుండి, పిమ్మట ప్రయాణికులకు ఉపకరించినవి.

1981వ సంవత్సరము జనవరి మాసమున 'వాయుదూత్' అను సంస్థ ఏర్పడెను. పెద్ద విమానములు పోజాలని చిన్న ఊళ్లకు చిన్న విమానములను నడపుట దాని పని. పందొమ్మిదిమంది మాత్రమే కూర్చుండదగిన డోర్నియర్ విమానములను అది నడపినది. రాజమహేంద్రవరమునకు కూడ ఆ సేవ కొన్నాళ్లు లభించినది, పిమ్మట ఆగిపోయినది. తరువాత మఱికొన్ని సంస్థలు వచ్చినవి, పోయినవి. 2015లో హైదరాబాదు కేంద్రముగా ఆరంభమైన ట్రూజెట్ సంస్థ తన తొలినాళ్లలోనే ఈ ఊరికి విమానము నడపినది. 2022లో ఆ సంస్థ విమానములు నిలిచిపోయినవి. ఇట్లు ఒకటి పోగా ఒకటి వచ్చుచున్నను మధురపూడి మూతపడలేదు. 2024 డిసెంబరు మాసమున ముంబయికిని ఢిల్లీకిని ఇచ్చటినుండి నేరుగా విమానములు ఆరంభమైనవి.

పెద్ద నగరముల విమానాశ్రయములతో పోల్చినచో చిన్నవానియందు ప్రయాణికునకు తోచు మొదటి సుఖము నడక తగ్గుటయే. శంషాబాదు వంటి చోట్ల విమానము దిగినది మొదలు వెలుపలికి వచ్చువరకు పొడవైన వసారాలు, కదలు మెట్లు, గాజుగోడలు దాటవలయును. చిన్న ఆశ్రయమున విమానమునకు మెట్లబండిని చేర్చుదురు. ప్రయాణికుడు మెట్లు దిగి నేలపై కాలు మోపగానే ఆ ప్రాంతపు ఎండయో, వానగాలియో, కోతకు వచ్చిన వరిచేల వాసనయో అతనికి సోకును. సామాను వచ్చువఱకు ఎక్కువసేపు నిలువ నక్కరలేదు. తనను తీసికొనిపోవచ్చిన బంధువు గుమ్మము కడనే కనిపించును. ఊరు విమానాశ్రయము వెలుపల మొదలగుట కాక, అందే మొదలైనట్లుండును.

ఐతే చిన్న విమానాశ్రయమువలన కాలము ఎంత మిగులునో లెక్క వేసి చూడవలసినదే కాని ఊరక నమ్మరాదు. హైదరాబాదునుండి రాజమహేంద్రవరమునకు ఆకాశమార్గమున సుమారు 360 కిలోమీటర్లు. విమానము ఒక గంటలో వచ్చును. కాని నగరములోని యింటినుండి శంషాబాదు చేరుటకు ఒక గంట, విమానమునకు ముందుగా పోయి వేచియుండుటకు రెండుగంటలు, మధురపూడినుండి పట్టణము చేరుటకు అరగంటకు పైగా పట్టును. అన్నియు కలిపిన నాలుగున్నర, ఐదుగంటలగును. 2023 జనవరి 15వ తేదీన ఆరంభమైన వందేభారత్ రైలు సికింద్రాబాదునుండి రాజమహేంద్రవరమునకు ఆరుగంటలలో వచ్చుచున్నది. రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు నిద్రలోనే దూరము గడపి తెల్లవారుసరికి గోదావరిని చూచును. కావున హైదరాబాదువారికి మిగులు కాలము స్వల్పమే. ఢిల్లీవారి సంగతి వేఱు. వారికి రైలులో ఒక పగలు, ఒక రాత్రి చాలవు. నేరు విమానము లేనపుడు వారు విశాఖపట్టణమున దిగి సుమారు 200 కిలోమీటర్లు రోడ్డున రావలసియుండెను. నాలుగు దినముల సెలవు దొరికిన కుటుంబమునకు రాకపోకలకే రెండు దినములు పోయినచో కోనసీమ చూచుట కలలోని మాట. అట్టివారికి మధురపూడియందలి నేరు విమానము నిజముగా ఒక వరము.

చిన్న విమానమునకు మఱియొక ఆకర్షణ కలదు. తక్కువ దూరములకు నడపు ఏటీఆర్ విమానమునకు రెక్కలు దేహమునకు పైభాగమున నుండును. కిటికీలు రెక్కల క్రింద నుండుటచే కూర్చున్నవానికి నేల చక్కగా కనిపించును. ఎయిర్‌బస్ ఏ320 వంటి పెద్ద విమానములకు రెక్కలు క్రిందిభాగమున నుండుటచే నడుమ కూర్చున్నవారికి రెక్క తప్ప నేల కానరాదు. పెద్దది ముప్పదియైదువేల అడుగుల యెత్తున గంటకు ఎనిమిదివందల కిలోమీటర్లకు మించిన వేగముతో పోవును. ఏటీఆర్ అంతకంటె చాల తక్కువ యెత్తున గంటకు ఐదువందల కిలోమీటర్ల వేగముతో పోవును. దానికి జెట్ యంత్రమే ఆధారమైనను, ఆ యంత్రము పంకాను త్రిప్పి విమానమును ముందునకు లాగును. తక్కువ దూరములకు ఇంధనము పొదుపగుట దీనివలననే. పొదుపు కొరకు చేసిన యీ యేర్పాటు చూపరులకు వినోదము కూడ నగుట విశేషము.

పటము ముందుంచుకొని హైదరాబాదునుండి రాజమహేంద్రవరమునకు ఒక గీత గీచినచో అది ఖమ్మము, సత్తుపల్లి, జంగారెడ్డిగూడెముల సమీపముగా వచ్చును. తూర్పుగా పోవు విమానమున ఎడమవైపు కూర్చున్నవారికి ఉత్తరమున పాపికొండల వరుస, కుడివైపువారికి దక్షిణమున డెల్టామైదానము ఉండును. చెన్నైనుండి గీత గీచినచో అది చాలదూరము సముద్రముపై సాగి భీమవరము ప్రాంతమున నేలను చేరును. అచ్చటి చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎండలో అద్దపుపలకలవలె మెరయును. సార్వా నాట్లు పడిన శ్రావణమాసమున వచ్చినవానికి డెల్టా లేతపచ్చగను, సంక్రాంతికి ముందు కోతలకాలమున పసుపువన్నెగను, దాళ్వా యెదిగినపుడు మరల పచ్చగను కనిపించును. ఒకే నేల ఋతువును బట్టి మూడు చీరలు మార్చినట్లుండును.

నది మొదట దర్శనమిచ్చుట గాలిని బట్టి యుండును. ఇది వింతగా తోచును గాని సత్యము. విమానము గాలికి ఎదురుగా దిగవలయును. ఎదురుగాలి వేగమును తగ్గించి, తక్కువ దూరములో నిలుచుటకు తోడ్పడును. మధురపూడి రన్‌వేకు ఒక కొసను 05 అనియు, రెండవ కొసను 23 అనియు అంకెలు వ్రాసియుందురు. ఆ యంకెను పదింట గుణించిన దిక్సూచిపై దిశ తెలియును. 05 అనగా ఉత్తరమునుండి 50 డిగ్రీలు, అనగా ఈశాన్యము. 23 అనగా 230 డిగ్రీలు, అనగా నైరృతి. శీతకాలమున ఈశాన్యపు గాలి వీచునపుడు విమానము నైరృతినుండి వచ్చి ఈశాన్యమునకు ముఖము పెట్టి దిగును. అట్లు వచ్చునపుడు రాజమహేంద్రవరమునకు ఎగువగా గోదావరిని దాటక తప్పదు. ఇసుకతిప్పలు, లంకలు, నీటిపాయలు రెక్కక్రిందుగా జారిపోవును. వర్షకాలమున నైరృతిగాలి బలముగా నున్నపుడు విమానము ఎదురుదిక్కునుండి దిగును. అప్పుడు నదికి మారుగా మెట్టపొలములే చూడవలసియుండును.

రన్‌వే పొడవు వెనుక కూడ ఒక శాస్త్రము కలదు. పూర్వము ఇచ్చటి బాట 1750 మీటర్లకు లోపుగానే యుండెను. డెబ్బదిమంది ప్రయాణికులు పట్టు ఏటీఆర్‌కు అది చాలును. నూట ఎనుబదిమందిని మోయు ఏ320 నిండుబరువుతో లేచుటకు రెండువేల మీటర్లకు మించిన బాట కావలయును. అందును గోదావరి జిల్లాల వేసవి సామాన్యమైనది కాదు. వేడియెక్కిన గాలి పలుచనగును. పలుచని గాలిలో రెక్కలకు ఊతము తగ్గును, యంత్రముల బలమును తగ్గును. ఏ విమానము జనవరిలో సులువుగా లేచునో అదే మే మాసపు మధ్యాహ్నమున ఎక్కువ దూరము పరుగిడిన గాని లేవజాలదు. అందుచే బాటను 3165 మీటర్లకు పొడిగించిరి. ఢిల్లీ, ముంబయి విమానములు రాగలుగుటకు కారణమిదే.

ఐతే ఆ పొడవు ఆకాశమునుండి ఊడిపడలేదు. అందుకొరకు చుట్టుపట్ల పొలములనుండి ఎనిమిదివందల ఎకరములకు మించిన నేల సేకరింపబడినది. ప్రయాణికుడు రెండు నిమిషములలో దొరలిపోవు ఆ నల్లని బాటక్రింద తరతరములుగా సాగైన నేల కలదు. పరిహారము చేతికి వచ్చినను, పొలము పోయిన కుటుంబమునకు వృత్తియే మారిపోవును. విహారమును గూర్చి చెప్పునపుడు ఈ మాటను విడిచిపెట్టుట న్యాయము కాదు.

మధురపూడిలో దిగిన యాత్రికుడు చూడదగినవి అన్నియు వ్రాసినచో ఈ పాఠము చాలదు. అందు ఒకటి మాత్రము తప్పక చూడవలయును. రాజమహేంద్రవరమునకు దిగువన ధవళేశ్వరము కలదు. 1847లో ఆరంభించి 1852 నాటికి సర్ ఆర్థర్ కాటన్ ఇచ్చట ఆనకట్ట కట్టించెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, నడుమ లంకలను ఆనుకొని అది నిలిచినది. అంతకుముందు కరవులతోను వరదలతోను అల్లాడిన ఈ సీమ దానివలన ధాన్యాగారమైనది. పాత ఆనకట్టకు మారుగా కట్టిన బరాజి 1982లో పూర్తియైనది. అఖండగోదావరి ఇచ్చటినుండి గౌతమి, వసిష్ఠ మొదలగు పాయలుగా చీలును. త్రయంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించిన నది సముద్రమును చేరకముందు తన నీటిని పొలములకు పంచిపెట్టు స్థలమిది. విమానమునుండి చూచిన పచ్చదనమునకు మూలమేదో ఇచ్చట నిలిచినపుడు తెలియును.

కడియపులంక నర్సరీలు, ఆత్రేయపురము పూతరేకులు, ద్రాక్షారామము, అంతర్వేది, కోరంగి మడ అడవులు మొదలగునవి ఒక్కొక్కటి ఒక పూటలో పోయిరాదగినవే. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు పునర్విభజింపబడినవి. నాటినుండి ఇవి వేర్వేరు జిల్లాలలోనివైనను యాత్రికునకు అన్నియు ఒక్క గోదావరిసీమయే. అతడు వెచ్చించు ధనము కారు నడపువానికిని, లాంచీవానికిని, వేడికుండపై రేకు తీయు స్త్రీకిని కొంత కొంత చేరును.

పాపికొండల లాంచీప్రయాణమును గూర్చి ఒక హెచ్చరిక చేయవలసియున్నది. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరి వరదమీద నుండగా కచ్చులూరు వద్ద ఒక విహారలాంచీ మునిగి పదులకొలది ప్రయాణికులు మరణించిరి. వారిలో దూరప్రాంతములనుండి వచ్చినవారు పలువురు కలరు. విమానము మనుష్యుని రెండుగంటలలో తెచ్చి దింపును కాని, నది స్వభావమును అతనికి నేర్పదు. వరదకాలమున గోదావరి ఎట్లుండునో తీరవాసులకు తెలిసినట్లు అతిథులకు తెలియదు. అతిథులు పెరుగుకొలది, లాంచీలను పరీక్షించువారి బాధ్యత పెరుగుచున్నది.

ఇంత ఆకర్షణ కలిగిన చిన్న విమానాశ్రయములు ఏల నిలువలేకపోవుచున్నవి? విమానము లేచినపుడెల్ల అయ్యెడి ఖర్చు ప్రయాణికులు నలుబదిమంది యున్నను డెబ్బదిమంది యున్నను ఇంచుమించు ఒక్కటే. ఖాళీ కుర్చీ సంస్థకు నష్టము. సంక్రాంతికి స్వగ్రామములకు వచ్చువారితో విమానములు నిండును; టిక్కెట్టు ధర మిన్నంటును. పండుగ కాగానే కుర్చీలు ఖాళీయగును. ఈ చిక్కును తీర్చుటకు కేంద్రప్రభుత్వము 2016లో 'ఉడాన్' పథకమును ప్రకటించినది. 2017 ఏప్రిల్ 27వ తేదీన సిమ్లానుండి ఢిల్లీకి తొలి విమానము లేచినది. అదే దినమున కడపనుండి హైదరాబాదుకును సేవ ఆరంభమైనది. నాడు గంట ప్రయాణమునకు సగము కుర్చీలను సుమారు 2500 రూపాయలకే అమ్మవలసియుండెను. అందువలన కలుగు లోటును ప్రభుత్వము మూడేండ్లు భరింపవలసియుండెను. రాష్ట్రములు ఇంధనముపై పన్ను తగ్గింపవలసియుండెను.

ఆశయము మంచిదే. ఫలితమును కాగ్ సంస్థ 2023లో పరిశీలించినది. 774 మార్గములకు అనుమతి ఈయగా, 371 మాత్రమే ఆరంభమైనవి. వానిలో మూడేండ్లు పూర్తిచేసినవి 112. సహాయము ముగిసిన పిదప 2023 మార్చి నాటికి నిలిచినవి 54 మాత్రమే. తెలుగుదేశముననే ఇట్టి ఉదాహరణమొకటి కలదు. నిజాముకాలమున వరంగల్లు వద్ద నిర్మింపబడిన మామునూరు విమానాశ్రయము 1981లో మూతపడినది. దానిని మరల తెరచుటకు 2025లో గాని అనుమతి రాలేదు. ఒకతరము గడచి, రెండవతరము పెద్దదైనది.

ఇతరదేశములలో చిన్న విమానాశ్రయమే చూడదగిన వింతయైన చోట్లు కలవు. స్కాట్లండు దేశమునకు చెందిన బారా ద్వీపమున రన్‌వే సముద్రపు ఇసుకయే. పోటువచ్చినపుడు బాట నీటమునుగును. కావున విమానముల వేళలు ఆటుపోటులను బట్టి మారుచుండును. దానిపై దిగుట కొరకే అచ్చటికి పోవువారు కలరు. నెపోలియన్ కడపటి దినములు గడపిన సెంట్ హెలీనా ద్వీపమునకు 2017 వరకు ఓడయే గతి. కేప్‌టౌన్‌నుండి ఐదు దినములు పట్టెడిది. విమానాశ్రయము కట్టిన తరువాత కూడ గాలిసుడులవలన ప్రయాణికుల విమానములు కొంతకాలము రాలేదు. మన లక్షద్వీపములలోని అగత్తిలో సుమారు 1200 మీటర్ల బాటకు ఇరువైపుల సముద్రమే. ఇవి ద్వీపములు, విమానము లేనిచో వారికి నౌకయే శరణ్యము. గోదావరిసీమకు ఆ యిబ్బంది లేదు. ఇచ్చట రైలుతోను రోడ్డుతోను విమానము పోటీపడి నిలువవలసియున్నది.

మధురపూడిలో 2023 డిసెంబరున పెద్ద ప్రయాణికభవనమునకు శంకుస్థాపన జరిగినది. 2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. లక్షలాది జనులు వత్తురు. పెద్ద భవనము అవసరమే. కాని భవనము పెరిగినకొలది నడకయు పెరుగును, వరుసలు పెరుగును, గుమ్మముకడ బంధువు దూరమగును. ప్రయాణికులు దేనిని మెచ్చి చిన్న విమానాశ్రయమునకు వచ్చుచున్నారో, వారు అధికముగా వచ్చినచో అదియే తగ్గిపోవును.

గోదావరిని మొదటిసారి చూచువానికి రైలుమార్గము మాత్రమే ఈయగల సుఖమొకటి కలదు. 1900లో తెరచిన హేవలాక్ వంతెనకు 1997లో విశ్రాంతి నిచ్చిరి. నేడు రైళ్లు దాని చెంతనున్న తరువాతి వంతెనలపై పోవుచున్నవి. వంతెనపైకి రాగానే చప్పుడు మారును, ప్రయాణికులు కిటికీలయొద్దకు జరుగుదురు, పెద్దలు చేతులు జోడింతురు, పిల్లలు నదిలోనికి నాణెములు విసరుదురు. విమానపు కిటికీ తెరచుకొనదు. నదిపై నుండుట కొన్ని క్షణములే. వచ్చునపుడు విమానమునను, మరలునపుడు రైలునను ప్రయాణించినవారికి గోదావరి పైనుండియు, దగ్గరనుండియు కనిపించును.